బ్లాక్ మిస్ట్ ఫిల్టర్ 1/4, 1/8: పర్లాకిమిడి పెళ్లిళ్లలో ఒక సీజన్ వాడాక

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మా పర్లాకిమిడి వైపు పెళ్లి అంటే చాలావరకు రాత్రి లగ్నమే. మండపం చుట్టూ సీరియల్ లైట్లు, వెనక ఎల్‌ఈడీ గోడ, పక్కనుంచి వీడియో వాళ్ల ప్యానెల్ లైటు, వీటన్నిటి మధ్య హోమం పొగలో పెళ్లికూతురు గంటల తరబడి పీటల మీద కూర్చుంటుంది. ఇప్పటి కెమెరాలూ లెన్సులూ ఎంత షార్ప్‌గా ఉన్నాయంటే నుదుటి మీద చెమట, పౌడరు పట్టని చోటు, మొటిమ మచ్చ, అన్నీ లెక్కపెట్టినట్టు కనిపిస్తాయి. ఆల్బమ్ సెలక్షన్‌కి కూర్చోగానే "అన్నా, నా ముఖం కొంచెం స్మూత్ చెయ్యవా" అని అమ్మాయిలు అడుగుతారు. చేస్తే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా అయిపోతుంది, చెయ్యకపోతే వాళ్లకి బాధ. రెండు మూడు వందల ఫొటోలకి ఆ పని చేస్తూ తెల్లవారుజాము దాకా కూర్చోవడం నాకు నచ్చక లెన్స్ ముందు బిగించే ఈ బ్లాక్ మిస్ట్ ఫిల్టర్లు కొన్నాను. ఒక పెళ్లిళ్ల సీజనంతా వాడాక రాస్తున్నాను.

ముందు ఇది ఏం చేస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఫొటోని మసక చేసే గాజు అనుకుంటున్నారు. కాదు. ఫోకస్ ఎక్కడికీ పోదు, కనురెప్ప వెంట్రుకలు విడివిడిగానే వస్తాయి. గాజులో ఉన్న సన్నని రేణువులు బాగా వెలుగున్న చోటునుంచి కొంచెం కాంతిని పక్కకి చెదరగొడతాయి. అందుకే దీపం చుట్టూ, బల్బు చుట్టూ చిన్న వెలుగు వలయం వస్తుంది, చర్మం మీద గరుకు తగ్గుతుంది. కాంతి నీడల్లోకి కూడా చిందుతుంది కాబట్టి నలుపు కాస్త తేలిపోవాలి, కానీ అందులో కలిపిన నల్ల రేణువులు దాన్ని కొంతవరకు ఆపుతాయి. బ్లాక్ మిస్ట్ అనే పేరులో బ్లాక్ అందుకే. ఆ నలుపు లేని మామూలు మిస్ట్ ఫిల్టర్‌లో ఫొటో ఇంకా పాలిపోతుంది. 1/8, 1/4, 1/2, 1, 2 అని ఉండే అంకెలు బలానికి గుర్తు, 1/8 అన్నిటికన్నా పలచన. టిఫెన్ అని 1938లో మొదలైన అమెరికా కంపెనీ బ్లాక్ ప్రో-మిస్ట్ అనే పేరుతో అమ్ముతుంది, సినిమా కెమెరాల వాళ్లు ఎప్పటినుంచో వాడేది అదే. ఇప్పుడు నిసి, కె అండ్ ఎఫ్ లాంటి కంపెనీలు కూడా బ్లాక్ మిస్ట్ పేరుతో ఇస్తున్నాయి. మూమెంట్ వాళ్ల సినీబ్లూమ్‌లో అయితే బలాన్ని 5, 10, 20 శాతం అని చెప్తారు.

ఫిల్మ్ రీల్ రోజుల్లో నాకు పని నేర్పిన ఆయన పాత ఫిల్టర్ అంచుల చుట్టూ వేసలీన్ రాసి మధ్యలో రూపాయి బిళ్లంత ఖాళీ వదిలేవారు. పెళ్లికూతురి ముఖం ఆ ఖాళీలో ఉండాలి, కొంచెం జరిగితే చెవి కరిగిపోయేది. అంత చెయ్యి తిరిగిన పనిని ఇప్పుడు ఒక గాజు బిళ్ల ఫ్రేమ్ అంతటా ఒకేలా చేసిపెడుతోంది.

నేను మొదట కొన్నది 1/4, సైజు 77 ఎంఎం (లెన్స్ ముందు బిగించే రింగ్ వెడల్పు), ఆన్‌లైన్‌లో. అదీ ఒక తక్కువ ధర కంపెనీది. ఇంట్లో దీపం పెట్టి చూసుకుంటే ఎంత బాగుందో, ఆ సంబరంతో మర్నాడే పాతపట్నంలో ఒక పెళ్లికి పట్టుకెళ్లి రాత్రంతా లెన్స్ మీంచి తీయకుండా తీశాను. అదే నేను చేసిన తప్పు. తలంబ్రాలప్పుడు వీడియో అబ్బాయి ప్యానెల్ లైటు నా ఎడమ పక్కనుంచి నేరుగా ఫిల్టర్ గాజు మీద పడుతోంది. మామూలు లెన్స్ అయితే ఆ లైటుకి తట్టుకునేది. ఫిల్టర్ గాజు అంతా రేణువులే కాబట్టి పక్కనుంచి పడిన ఆ వెలుగుని మొత్తం ఫ్రేమ్ మీద పరిచేసింది. ఎర్ర పట్టుచీర గులాబీ రంగుకి దిగిపోయింది, జరీ అంచులో బంగారం పోయి పసుపు గీత మిగిలింది. కెమెరా వెనక చిన్న తెరలో అదంతా కలలా అందంగానే ఉంది, అక్కడే మోసపోయాను. కరిజ్మా ఆల్బమ్ మ్యాట్ షీట్ మీద ప్రింట్ వచ్చాక నల్లకోట్లు బూడిద రంగులో ఉన్నాయి. పెళ్లికూతురి నాయనమ్మ ఆల్బమ్ మోకాళ్ల మీద పెట్టుకుని నాలుగు షీట్లు తిప్పి, "ఏటి బావూ, అద్దం తుడవలేదేటి?" అంది. ఆమె అన్నది నిజం. ఆ నలభై షీట్లలో పదకొండు నా సొంత ఖర్చుతో మళ్లీ ప్రింట్ చేయించి ఇచ్చాను.

కంప్యూటర్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ లాగితే కొంత నలుపు వెనక్కి వస్తుంది, పూర్తిగా రాదు. వెలుగు చిందిన చోట చర్మం రంగు మాత్రం దొరకదు. ఇది ఫొటో తీసేటప్పుడే పడే ముద్ర, తర్వాత చెరపలేం, ఫిల్టర్ బలం (1/8, 1/4 లాంటి గ్రేడ్) ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుండాలి.

తర్వాత డబ్బులు కూడబెట్టుకుని టిఫెన్ 1/8 కొన్నాను. పెళ్లిళ్లకి నేను మనస్ఫూర్తిగా చెప్పేది దీని గురించే. పెట్టినట్టు ఎవరికీ తెలియదు, తీసేస్తే మాత్రం తేడా తెలుస్తుంది. ముక్కుపుడక రాయి మీద చుక్కంత మెరుపు వస్తుంది, బుగ్గచుక్క అంచు మాత్రం చెదరదు. జంట వెనక ఫ్లాష్ పెట్టి తీస్తే జుట్టు చుట్టూ సన్నని వెలుగు గీత వస్తుంది, 1/4తో అదే ఫొటో తీస్తే ఆ వెలుగులో ఇద్దరూ సగం మునిగిపోతారు. చిచ్చుబుడ్లు, కోల్డ్ పైరో (మెషిన్‌తో చిమ్మే నిప్పురవ్వలు) ఎంట్రీలకి 1/4 అసలు పెట్టకండి, ఫ్రేమ్ తెల్లబడిపోతుంది.

లెన్స్‌ని బట్టి కూడా ఇది మారుతుంది. ఒకే ఫిల్టర్ వెడల్పుగా చూపే 35 ఎంఎం లెన్స్‌లో పలచగా, దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్స్‌లో చిక్కగా కనిపిస్తుంది. అందుకని నేను 35కి 1/4, 85కి 1/8 పెడుతున్నాను, ఆల్బమ్‌లో రెండూ పక్కపక్కన పడినా ఒకేలా ఉంటున్నాయి.

1/4 దండగ అని మాత్రం అనను. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మా వైపు ఒకే నీళ్లలో తెలుగిళ్ల వాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు, ఒడియా వాళ్లు బోయిత బందాణ అని చిన్న పడవలు చేసి వాటిలో దీపం పెట్టి వదులుతారు. పోయిన కార్తీకంలో ఆ చీకట్లో 85 లెన్స్‌కి 1/4 తగిలించి మెట్ల మీద కూర్చున్నాను. ఒక ముసలాయన పడవ వదులుతూ గాలికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఫొటోలో ఆ వెలుగు వేళ్ల సందుల్లోంచి బయటికి వచ్చి నీళ్ల మీద ఆవిరిలా పాకింది, గోళ్ల మీద గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. కంప్యూటర్‌లో క్లారిటీ తగ్గించి ఇలాంటిది చేద్దామని చూశాను, చర్మం మెత్తబడుతుంది కానీ దీపం ఇలా వెలగదు. ఫొటోలో దీపం ఒకసారి తెల్లటి మచ్చ అయిపోయాక అది నిజంగా ఎంత వెలిగిందో ఫైలుకి తెలియదు కదా, గాజుకి తెలుసు.

కాబట్టి నా లెక్క ఒకటే: వెలుగు ఇచ్చే వస్తువు ఫ్రేమ్‌లో ఉంటేనే పెట్టండి. దీపం, బల్బు, కిటికీ, పొద్దు వాలే సూర్యుడు, ఏదో ఒకటి ఉండాలి. ఏదీ లేకపోతే ఇది ఉత్తినే కాంట్రాస్ట్ తగ్గిస్తుంది. మధ్యాహ్నం ఎండలో తెల్ల పంచెల గ్రూప్ ఫొటోలకి వద్దు. మహేంద్రగిరి మీద ప్రీ-వెడ్డింగ్ షూట్‌లకి చాలామంది దీన్ని తీసుకెళ్తున్నారు. 1,500 మీటర్ల ఎత్తున్న కొండ, తెల్లారి మంచు పడితే అక్కడ గాలే పెద్ద ఫిల్టర్, దాని మీద ఇంకొకటి పెడితే మనుషులు కనపడరు. జిరంగ్ బౌద్ధారామంలో లోపల దీపాల దగ్గర ఫొటోకి అనుమతి ఇస్తే మాత్రం 1/8 చాలు.

పక్క లైటు గాజు మీద పడకుండా లెన్స్ ముందు పెట్టే హుడ్ లేకుండా దీన్ని వాడకండి. నా 85కి ఫిల్టర్ సైజు 67, ఫిల్టర్ ఏమో 77, చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే స్టెప్-అప్ రింగ్ వేసి తగిలిస్తే లెన్స్‌తో వచ్చిన హుడ్ ఎక్కదు. రింగ్ మంచి ఉపాయమే, ప్రతి లెన్స్‌కీ ఒక ఫిల్టర్ కొనక్కర్లేదు, కానీ పక్క లైటుకి అరచెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వస్తోంది. 77 సైజుకి విడిగా దొరికే రబ్బరు హుడ్ ఒకటి చూసుకోండి. లెన్స్ రక్షణకి పెట్టుకునే యూవీ ఫిల్టర్ మీద దీన్ని బిగించొద్దు, దీపాల ప్రతిబింబాలు రెండు రెండు కనిపిస్తాయి. వేలిముద్ర పడితే మామూలు గాజు మీద కన్నా దీని మీద నష్టం ఎక్కువ, ప్రతి ఈవెంట్ ముందూ గుడ్డతో తుడుచుకోవాలి.

నేను మొదట కొన్న ఆ తక్కువ ధర ఫిల్టర్ రింగ్ ఒకరోజు వానలో తడిసి లెన్స్‌కి పట్టేసింది. ముహూర్తానికి పది నిమిషాలు ఉంది, చేతులు వణికేంత టెన్షన్. గట్టిగా పట్టుకుని తిప్పుతుంటే రింగ్ వంకర పోయి ఇంకా బిగుసుకుంటోంది. చివరికి కూరగాయల కట్టకి ఉన్న రబ్బర్ బ్యాండ్ రింగ్ చుట్టూ వేసి, నొక్కకుండా మెల్లగా తిప్పితే వచ్చింది. అప్పటినుంచి బ్యాగులో రెండు రబ్బర్ బ్యాండ్లు ఉంటున్నాయి.

ఒక్కటే కొనగలిగితే 1/8 కొనండి, మీ లెన్సుల్లో పెద్ద సైజుకి తీసుకుని మిగతావాటికి రింగులు వేసుకోండి. దీపాల ఫొటోలు, రాత్రి వీధులు ఇష్టమైతే తర్వాత 1/4. ఒక ఫ్రెండ్ దగ్గర 1/2 తీసుకుని రెండు రాత్రులు తీసి చూశాను, పెళ్లి పనికి అది చాలా ఎక్కువ, తిరిగి ఇచ్చేశాను.