లివర్ స్లైడ్లూ, నా పాత బైనాక్యులరూ

తిరుపతిలో చిన్న ల్యాబ్‌లో పని నాది. సాయంత్రాలు నలుగురైదుగురు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలు ప్రాక్టీసుకు వస్తారు. 2016లో ఈ బైనాక్యులర్ మైక్రోస్కోప్ (రెండు కళ్లతో చూసేది) కొన్నప్పుడు చూసినవాళ్లందరూ 100ఎక్స్, అంటే వంద రెట్లు పెద్దది చేసే లెన్స్, ఎలా ఉందనే అడిగారు. లివర్ స్లైడ్లకు నేను దాన్ని వాడింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇన్నాళ్లూ ఆదుకున్నది 4ఎక్స్.

నార్మల్ లివర్ స్లైడ్ పెట్టి చూస్తే సెంట్రల్ వీన్ (మధ్యలో ఉండే సిర) చుట్టూ కణాల వరసలు బండిచక్రం ఆకుల్లా పరుచుకుని ఉంటాయి. పుస్తకంలో గీసిన ఆరు పలకల లోబ్యూల్ (ఆ సిర చుట్టూ ఉండే లివర్ గది) కోసం పిల్లలు తెగ వెతుకుతారు. పంది లివర్‌లో ఆ హద్దులు గీసినట్టు కనిపిస్తాయి కానీ మనిషి లివర్‌లో అంత తేటగా ఉండవు. లోబ్యూల్ మూలల్లో రక్తనాళాలూ పైత్యనాళమూ కలిసి ఉండే పోర్టల్ ట్రాక్టులు గుర్తుపట్టి మనమే మనసులో గీసుకోవాలి.

సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) స్లైడ్‌లో ఈ వరసంతా చెదిరిపోతుంది. 4ఎక్స్‌లో మడులూ గట్లూ ఉన్న పొలాన్ని కొండ మీద నుంచి చూసినట్టు ఉంటుంది: గుండ్రటి గడ్డలు, వాటి మధ్య పీచు పట్టీలు. మాసన్ ట్రైక్రోమ్ అనే రంగు వేస్తే ఆ పట్టీలు నీలంగా తేలతాయి. ఒకమ్మాయి నేరుగా 40ఎక్స్‌కి వెళ్లి, గడ్డ మధ్యలో కణాలు చూసి "నార్మలే మేడం" అంది. తప్పు ఆమెది కాదు, అక్కడ కణాలు దాదాపు అలాగే ఉంటాయి.

ఫ్యాటీ లివర్‌కి మాత్రం 40ఎక్స్ కావాలి. "గాలి బుడగలు పడ్డాయి మేడం" అంటారు మొదటిసారి చూసినవాళ్లు. బుడగైతే అంచు మందంగా, నల్లగా ఉంటుంది, కణాల హద్దులతో దానికి పని ఉండదు. ఇవి కణం లోపలి ఖాళీలు. ముక్కను స్లైడ్‌కి సిద్ధం చేసే ప్రాసెసింగ్‌లో కొవ్వు ఆల్కహాల్, జైలీన్‌లలో కరిగిపోయి, అది ఉన్న చోటు మిగులుతుంది. న్యూక్లియస్ ఓ మూలకు ఒదిగి ఉంగరంలో రాయిలా కనిపిస్తుంది.

నా 40ఎక్స్‌కి మధ్యలోనే పదును, అంచులన్నీ మసక. స్లైడ్ తిరగేసి పెడితే అసలు ఫోకస్ రాదు. ఒకడు అలా పెట్టి కోర్స్ నాబ్ (ఫోకస్‌ని పెద్దగా మార్చే మర) తిప్పుతూనే పోయాడు. లెన్స్‌కి స్ప్రింగ్ ఉంది కాబట్టి బతికింది, స్లైడ్ పగిలింది.

2021 నవంబరు వానలప్పుడు ల్యాబ్ మూసేసి, ప్లాస్టిక్ కవర్ కప్పి వదిలేశాం. తర్వాత చూస్తే ఐపీస్‌లో సాలెగూడు లాంటి ఫంగస్! సర్వీసు మనిషి చెన్నై నుంచి రావడానికి నెల పట్టింది. అప్పటి నుంచి పెట్టెలో సిలికా జెల్ తప్పనిసరి. హాలోజన్ బల్బు వేడికి మే నెలలో కూర్చోలేక ఎల్ఈడీకి మారాం. పాత పసుపు వెలుగులో చూసిన ఇయోసిన్ (కణాలకు వేసే రంగు) గులాబీ వేరు, దీంట్లో వేరు. వారం రోజులు కళ్లు ఒప్పుకోలేదు.

కొనబోయేవాళ్లు అంగడికి మీ స్లైడ్ ఒకటి పట్టుకెళ్లండి. ముందు 4ఎక్స్‌లో అంచుల దాకా చూడండి.