ఈ-కోర్ట్స్ యాప్: విడాకులు, కస్టడీ కేసుల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

వాయిదా ఎప్పుడో కనుక్కోవడానికి లాయరు గుమాస్తాకు పదిసార్లు ఫోన్ చేసే అవస్థను 'ఈ-కోర్ట్స్ సర్వీసెస్' యాప్ చాలావరకు తప్పించింది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ప్రాజెక్టులో భాగంగా వచ్చిన ఈ ఉచిత యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. కుటుంబ కేసులున్నవాళ్లు దీన్ని తప్పక పెట్టుకోవాలి. కానీ ఇది వాయిదా తారీఖే చెబుతుంది, చట్టం పెట్టిన గడువు చెప్పదు. తారీఖు చూసుకుని నిశ్చింతగా కూర్చున్నవాళ్లే గడువు దాటబెట్టుకుంటారు.

ముందు వెతకడం సంగతి. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. మధ్యలో గీతలు, ఖాళీలు లేకుండా కొట్టాలి. అది చేతిలో లేకపోతే రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పార్టీ పేరుతో వెతకొచ్చు. కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. చాలామందికి 'రికార్డు లేదు' అని వచ్చేది ఇక్కడే. 'లక్ష్మి' లాంటి పేరును ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు, పిటిషన్‌లో ఏ స్పెల్లింగ్ పడిందో అదే కావాలి. పేరంతా కొట్టకుండా మొదటి మూడక్షరాలతో చూడండి, పెండింగ్ ఒక్కటే కాకుండా డిస్పోజ్డ్ (ముగిసినవి) కూడా కలిపి వెతకండి.

భార్యాభర్తలు విడివిడిగా ఉంటూ, ఇంకా ఏ కాగితమూ రాకపోయినా, నెలకోసారి సొంత పేరుతో ఇలా వెతుక్కోవడం మంచి అలవాటు. పాత అడ్రసుకు వెళ్లిన సమన్లు అక్కడే ఆగిపోయి, ఇవతలివాళ్లకు తెలియకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ (వాళ్లు రాకుండానే ఇచ్చేసే తీర్పు) అయిపోయే ప్రమాదం ఉంది. దాన్ని రద్దు చేయించడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, సమన్లు సరిగ్గా అందనప్పుడు మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఈ ఒక్క ఉపయోగానికే యాప్‌కు సగం మార్కులు ఇచ్చేయొచ్చు.

ఇక ఒక్క కాపురం విడిపోతే కేసు ఒక్కటే ఉండదు, ఒక్కో రకానికి కోర్టు పెట్టే పొట్టి పేరు వేరు. విడాకులది ఎఫ్‌సీఓపీ, పిల్లల గార్డియన్‌షిప్‌ది జీడబ్ల్యుఓపీ, మనోవర్తిది ఎంసీ, గృహహింసది డీవీసీ. డీవీసీ సాధారణంగా మేజిస్ట్రేట్ కోర్టులో నడుస్తుంది కాబట్టి ఫ్యామిలీ కోర్టు జాబితాలో వెతికితే కనబడదు. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లలో విడాకుల కేసు హెచ్ఎంఓపీగా సివిల్ కోర్టులో ఉంటుంది. దేని సీఎన్ఆర్ దానిదే. విడాకుల కేసు ఒక్కటి 'మై కేసెస్'లో పెట్టుకుని మిగతావి మరిచిపోతే లాభం లేదు, అన్నీ సేవ్ చేయాలి. పిల్లల్ని చూడ్డానికి వేసిన విజిటేషన్ పిటిషన్, మధ్యంతర మనోవర్తి లాంటి ఐఏలకు (ప్రధాన కేసు లోపల వేసే దరఖాస్తులకు) చాలాసార్లు వేరే పేజీ ఉండదు. ప్రధాన కేసు పేజీలోనే కిందికి జరిపి చూడాలి.

తారీఖు పక్కనే ఉండే 'స్టేజ్' మాటను చాలామంది చదవరు. అసలు విషయం అందులోనే ఉంది. 'కౌన్సెలింగ్' అనో 'కన్సిలియేషన్' అనో ఉంటే లాయరు వెళ్తే చాలదు, ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. 'కౌంటర్' అంటే మీ జవాబు దాఖలు చేయాల్సిన రోజు. సమన్లు అందాక దానికి మామూలుగా 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. 'ఎవిడెన్స్' అంటే పిల్లల స్కూలు ఫీజు రసీదులు, ఆదాయపు కాగితాలు ఆ రోజుకల్లా లాయరు చేతిలో ఉండాలి. మనోవర్తి అడిగినా ఇవ్వాల్సి వచ్చినా ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ వేయాలని సుప్రీంకోర్టు 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో చెప్పింది. అది వేశారో లేదో యాప్‌లో వెతకొద్దు, లాయర్నే అడగండి.

పరస్పర అంగీకార విడాకుల్లో యాప్ మీద ఆధారపడితే మరీ ప్రమాదం. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు, ఇద్దరూ కోర్టు ముందు మళ్లీ అంగీకారం చెప్పే రెండో మోషన్‌కు రావాలి. ఆరు నెలల నిరీక్షణను తగిన కేసుల్లో కోర్టు మినహాయించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. తెర మీద వాయిదా ఒక్కటే కనిపిస్తుంది, పద్దెనిమిది నెలల లెక్క మీరే రాసుకోవాలి. మనోవర్తి బకాయిలదీ అదే తంతు. కట్టాల్సిన రోజు నుంచి ఏడాది లోపు వసూలు దరఖాస్తు వేయకపోతే ఆ మొత్తానికి వారంటు రాదు. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద అప్పీలుకు చట్టంలో ఉన్నది 30 రోజులు. ఎక్కువ ఉందని ఎవరైనా చెప్పినా ముప్పైకే సిద్ధపడటం క్షేమం. సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్రతో ఇచ్చే అధికారిక ప్రతి) రావడానికి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు, అందుకే తీర్పు రోజే కాపీ అప్లికేషన్ పడేయాలి. యాప్‌లో ఆర్డరు వచ్చేదాకా చూద్దామనుకుంటే కుటుంబ కేసుల్లో అది అసలు రాకపోవచ్చు. వచ్చినా అది సర్టిఫైడ్ కాపీ కాదు.

లోపాలూ ఉన్నాయి. కొత్త తారీఖును కోర్టు సిబ్బంది ఎక్కించాకే కనిపిస్తుంది, కాబట్టి మధ్యాహ్నం పాత తేదీయే చూపిస్తే కంగారు పడొద్దు, సాయంత్రం రిఫ్రెష్ చేయండి. కేసు వేరే ఊరి కోర్టుకు ట్రాన్స్‌ఫర్ అయితే పాత పేజీ 'డిస్పోజ్డ్' అని చూపించొచ్చు. తీర్పు వచ్చేసిందని గుండె గుభేలుమనక్కర్లేదు, ఏ రకంగా ముగిసిందో ఆ గడి చదివి కొత్త కోర్టులో మళ్లీ పేరుతో వెతకాలి. సేవ్ చేసిన కేసులు ఫోన్‌లోనే ఉంటాయి, ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేయకపోతే అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి.

ఆ పేజీల స్క్రీన్‌షాట్లు చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ విచారణల వివరాలు ప్రచురించడమే నేరం, వెయ్యి రూపాయల దాకా జరిమానా. జరిమానా చిన్నదే, కానీ అవతలి లాయరు ఆ స్క్రీన్‌షాట్‌నే తీసుకెళ్లి కస్టడీ పిటిషన్‌కు జతచేస్తాడు.