వద్దని చెప్పగలిగిన సలహాదారు: ఏడాది అనుభవం

విశాఖ ఆటోనగర్‌లో పద్నాలుగు మందితో ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నాను. ద్వారకానగర్‌లో కార్యాలయం ఉన్న ఒక వ్యాపార సలహాదారు సేవలను ఏడాదిగా తీసుకుంటున్నాను. నెలవారీ రుసుము మా స్థాయికి కాస్త బరువే అయినా, ఇచ్చిన ప్రతి రూపాయికీ తగిన పని జరిగింది.

నేను మొదట వెళ్లింది కొత్త ప్లాస్మా కటింగ్ మెషీన్ రుణానికి ప్రాజెక్టు రిపోర్టు రాయించుకోవడానికి. ఆయన రిపోర్టు మొదలుపెట్టకుండా రెండు రోజులు మా షెడ్డులో కూర్చుని, ఉన్న మెషీన్ రోజుకు ఎన్ని గంటలు నడుస్తోందో, లోహపు ప్లేటు లేక ఎంతసేపు ఆగుతోందో వెల్డర్లనే అడిగి రాసుకున్నారు. తర్వాత మాకు రావలసిన బిల్లుల జాబితా తెప్పించి, 45 రోజులు దాటిన ప్రతి బిల్లు పక్కనా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోయారు. రెండు పేజీలు పూర్తయ్యేసరికి గీత పడని బిల్లులు నాలుగే మిగిలాయి. "ప్లేటు కొనడానికి డబ్బు లేక ఉన్న మెషీనే ఆగుతోంది కదండీ, రెండోది దేనికి?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కొనుగోలుదారు డబ్బు ఇవ్వకపోయినా, బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకల్లా జీఎస్టీని మేము ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) నుంచి తీసి కడుతున్నాం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా మాలాంటి చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంక్ రేటు' అనే వడ్డీ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ అడగవచ్చని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. ఆవేశంలో అందరికీ నోటీసులు పంపుతానంటే, రేపటి ఆర్డరు కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలి కదా అని ఆపారు. గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపే వీలు కొనుగోలుదారుకు లేకుండా 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధన మారింది. ఆ సంగతిని మర్యాదగా గుర్తుచేసే ఉత్తరం రాసిచ్చి, ప్రతి బిల్లు మీదా మా ఉద్యం నంబరు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు) వేయించారు. ఆగిన డబ్బులో చాలా భాగం మార్చిలోపే వచ్చింది.

ఇంతకుముందు నాకు సలహా ఇచ్చిన వ్యక్తి మంజూరైన రుణంలో శాతం తీసుకునేవారు. ఆయన నోట "వద్దు" అన్న మాట నేను ఒక్కసారీ వినలేదు, దాని ఫలితంగా తీసుకున్న ఒక రుణానికి ఇప్పటికీ వాయిదాలు కడుతున్నాను. బ్యాంకుల నుంచి గానీ మెషీన్లు అమ్మేవారి నుంచి గానీ కమీషన్ తీసుకోనని ఈయన ఒప్పందంలోనే రాసి సంతకం చేశారు. ఎవరిని పెట్టుకున్నా ఈ ఒక్క వాక్యం ముందుగా రాయించుకోండి.

లోపాలు లేకపోలేదు. రిటర్నులు దాఖలు చేసే వారంలో ఆయన ఫోన్‌కు దొరకరు. నెలవారీ నివేదిక ఇంగ్లీషులో వస్తుంది, దాన్ని చదివి పని మార్చుకోవలసిన మా సూపర్‌వైజరుకు ఇంగ్లీషు రాదు. ఈ మాట చెప్పాక, పోయిన నెల నుంచి బకాయిల పేజీ మాత్రం తెలుగులో పంపుతున్నారు, మిగతాదీ అలాగే ఇమ్మని అడిగాను.