పేపర్ట్ దారి, అలన్ కే దారి

కంప్యూటర్ అంటే గది నిండా పట్టే యంత్రమైన 1960లలోనే దాన్ని పిల్లల చేతికి ఇవ్వాలని తపించినవాళ్లు సేమోర్ పేపర్ట్, అలన్ కే.

దక్షిణాఫ్రికాలో పుట్టిన పేపర్ట్ లెక్కల మనిషి. జెనీవాలో పిల్లల మనస్తత్వాన్ని పరిశోధించిన పియాజే దగ్గర పనిచేస్తూ పిల్లలు ఎలా ఆలోచిస్తారో దగ్గరగా చూశారు. తర్వాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి వచ్చి, 1967లో వాలీ ఫ్యూర్జీగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లలు కంప్యూటర్‌కు ఆదేశాలివ్వడానికి లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. అందులో నడిచిన దారంతా గీత గీసే తెర మీది తాబేలుకు "50 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి" అని నాలుగుసార్లు చెబితే చతురస్రం వస్తుంది. మరి వృత్తం? పిల్లలు లేచి తామే గుండ్రంగా నడిచి చూసుకోవాలి. ఒక అడుగు ముందుకు, ఒక డిగ్రీ పక్కకు, అలా 360 సార్లు! గీత వంకర పోతే మార్కులు పోతాయన్న టెన్షన్ లేదు, ఎక్కడ తేడా వచ్చిందో వెతికి సరిచేసుకోవడమే. పేపర్ట్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

అలన్ కే యంత్రం వైపు నుంచి వచ్చారు. 1968లో పేపర్ట్ పని చూశాక, పిల్లలు వెంట తీసుకెళ్లగలిగే పుస్తకమంత కంప్యూటర్‌ను ఊహించి డైనాబుక్ అన్నారు. అది తయారుకాలేదు. కానీ ఆ కల వెంట జెరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్ (PARC)లో స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టింది. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2003లో ఆయనదే.

కొత్త యంత్రాలు కట్టాలనుకునేవాళ్లు కేని చదవాలి. బడిలో పాఠం చెప్పేవాళ్లకైతే నా ఓటు పేపర్ట్‌కే. ఇప్పుడు పిల్లలు వాడే స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన మిచెల్ రెస్నిక్ పేపర్ట్ దగ్గర పనిచేసినవారు; దాని మొదటి వెర్షన్ రాసింది మాత్రం స్మాల్‌టాక్‌లోనే.