డబ్బా మీద ‘ఫిడే అప్రూవ్డ్’ అని ఉందని చెస్ క్లాక్ కొనకండి

కడప చుట్టుపక్కల పిల్లల్ని చెస్ టోర్నమెంట్లకు తిప్పే తల్లిదండ్రులు దయచేసి ఇది చదవండి.

మన దగ్గర చాలా టోర్నమెంట్లకు బోర్డు, క్లాక్ మనమే తీసుకుపోవాలి కదా. మావానికి కడపలో ఒక షాపులో 1,450 రూపాయలు పెట్టి డిజిటల్ క్లాక్ కొన్నాను. డబ్బా మీద ‘ఫిడే అప్రూవ్డ్’ (ప్రపంచ చెస్ సమాఖ్య ఆమోదించింది) అని పెద్దక్షరాలు. ఇంక్రిమెంట్, అంటే ఎత్తు వేసిన ప్రతిసారీ కొన్ని సెకన్లు మన టైంకు కలవడం, వస్తుందా అని రెండుసార్లు అడిగితే, అన్నీ వస్తాయి సార్ అన్నాడు.

పోయిన ఆదివారం అండర్-11లో నాలుగో రౌండు. 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. రూక్ ఎండింగ్‌లో మావాని బంటు ఏడో వరసకు చేరింది, ఇంకొక్క గడి దాటితే క్వీన్. చెయ్యి చాపినాడు, టైం 0:00. ఆట పోయింది. ఎదుటి పిల్లోని తప్పేం లేదు. మావాడు స్లిప్ మీద సంతకం పెట్టి బయటికొచ్చి, “నాన్నా, టైం పెరగనే లేదు” అన్నాడు. నాకు కాళ్లాడలేదు.

సాయంత్రం కోచ్ సార్ తన పాత క్లాక్, మాది పక్కపక్కన పెట్టి లీవర్లు గబగబా నొక్కినారు. ఆయనదాంట్లో టైం పెరుగుతా పోయింది. మాదాంట్లో 15:00 కదల్లేదు. అది ఇంక్రిమెంట్ కాదు, డిలే. 10 సెకన్లు ఆగి, తర్వాత దిగుతుంది. మిగిలిన సెకన్లు మన ఖాతాలో పడవు. ఓపెనింగ్‌లో 12 ఎత్తులు మూడేసి సెకన్లలో ఆడినాడు. ఎత్తుకు 7 చొప్పున 84 సెకన్లు అక్కడే పోయినాయి. ఆ బంటును క్వీన్ చేయడానికి అందులో సగం చాలు.

కొనేటప్పుడు షాపులోనే 1 నిమిషం టైం, ఎత్తుకు 5 సెకన్లు పెట్టి రెండు వైపులా పదిసార్లు నొక్కి చూడండి. అంకె పెరగకపోతే వదిలేయండి. ఇంట్లో ఉన్న క్లాక్‌నూ ఇట్లే చూసుకోండి. పిల్లలకు ఇంకొకటి చెప్పండి: ఆట మధ్యలో అనుమానమొస్తే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ను (ఆట రెఫరీని) పిలవచ్చు. లోపం కనబడితే ఆయన క్లాక్ మార్చి టైం సరిచేస్తారు. ఇది రూల్లోనే ఉంది, మావానికి నేను చెప్పలేదు.

షాపాయన డబ్బా విప్పినాక వాపసు లేదన్నాడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీనే చూపించినాడు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువు వాపసు తీసుకోకపోవడం రెండూ 2019 వినియోగదారుల చట్టం కింద తప్పే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చీటీ, డబ్బా రెండూ దాచిపెట్టినా.