మామిడి పూతకు కల్తారా, జన్యువు మార్పా: చిత్తూరు తోటకు ఏది మేలు?

మామిడి కొమ్మ పూయాలంటే ఆకు ముదరాలి, రాత్రిళ్లు చలి తగలాలి. అప్పుడు ముదురాకులో ఎఫ్‌టీ అనే జన్యువు తయారుచేసే ప్రోటీను కొమ్మ చివరి మొగ్గను చేరి, చిగురు కావలసినదాన్ని పూతగా మారుస్తుంది. చిగురును ప్రోత్సహించేది జిబ్బరెల్లిన్ అనే మొక్క హార్మోను. రైతులు కల్తార్ అని పిలిచే పాక్లోబ్యూట్రజోల్ ఈ జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకుంటుంది. జన్యు శాస్త్రజ్ఞులు నేరుగా ఎఫ్‌టీ మీదే పనిచేస్తారు.

రెండోది వినడానికి గొప్పగానే ఉంటుంది. అమెరికాలో పోప్లార్ చెట్టు ఎఫ్‌టీ జన్యువును నిరంతరం పనిచేసేలా ప్లమ్‌లో చొప్పించినప్పుడు, ఏళ్ల తరబడి ఆగవలసిన మొక్కలు ఏడాదిలోపే పూశాయి. అయితే అవి పొదలుగా మారి, కాలంతో నిమిత్తం లేకుండా పూస్తూనే ఉన్నాయి. మామిడి అలా వానాకాలంలోనూ పూస్తే ఆ పూత పక్షికన్ను తెగులు పాలవుతుంది. పైగా విత్తు మొక్క ఆలస్యంగా కాయడమనే చిక్కును మన అంటుకట్టేవాళ్లు ఎప్పుడో తీర్చేశారు. తరం వెంట తరం సంకరం చేసే పరిశోధకులకే ఈ తొందర అవసరం. వారైనా చివరికి ఆ జన్యువు లేని మొక్కనే ఎంచుకుంటారు.

జన్యువు మార్పుకు మరో ఉదాహరణగా, టమాటాలో ఎస్‌పీ5జీ అనే జన్యువును సవరించి త్వరగా కాయించినట్లు 2017లో చూపారు. కానీ అది పగలు పొడవైనప్పుడు పూతను ఆపే జన్యువు. పలమనేరు, కుప్పం వైపు పగటి నిడివి ఏడాది మొత్తం మీద గంటన్నర మాత్రమే మారుతుంది కనుక, ఇక్కడి టమాటాకు ఆ లాభం స్వల్పమేనని నా అంచనా.

కాబట్టి తోట ఉన్న రైతుకు నేటికి మిగిలేది కల్తారే, అదీ అన్ని చెట్లకూ కాదు. కొమ్మలు పరుచుకున్న వెడల్పు మీటరుకు 3 మి.లీ. లెక్కన 23 శాతం పాక్లోబ్యూట్రజోల్ ఉన్న కల్తార్‌ను నీటిలో కలిపి, పూతకు మూడు నాలుగు నెలల ముందు, నేలలో తేమ ఉండగా పాదులో పోస్తారు. అది మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. మోతాదు మించితే కొమ్మలు గిడసబారి, పూగుత్తులు ముద్దకడతాయి. తోతాపురి దాదాపు ఏటా కాసే రకం, దాని గిరాకీ కూడా గుజ్జు ఫ్యాక్టరీలు తెరిచే రోజులను బట్టి ఉంటుంది. దాని పూతను ముందుకు లాగి ప్రయోజనం లేదు. తాజా పండుగా అమ్ముడుపోయే బేనీషాకు (బంగినపల్లికి) మాత్రం ముందు వచ్చిన కాయకు ధర పలుకుతుంది కనుక, నీటి వసతి ఉండి ఆరోగ్యంగా ఉన్న చెట్లకు, మరుసటి ఏడు మోతాదు తగ్గిస్తూ వాడడం సమంజసం. ఎండకు వడలిన చెట్టుకు అసలే వద్దు.