పాత ర్యామ్ ఇచ్చి, పనికొచ్చే ఎస్‌ఎంపీఎస్ తెచ్చుకునే లైబ్రరీ: రెండేళ్లు వాడాక

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక మేడ మీది గదిలో కంప్యూటర్ విడిభాగాల లైబ్రరీ నడుస్తోంది. కొందరు కుర్రాళ్లు, రిటైరైన లెక్చరర్ ఒకాయన కలిసి చూసుకుంటారు. ఇంట్లో మూలనపడ్డ ర్యామ్, హార్డ్ డిస్క్, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే డబ్బా) ఏదైనా ఇస్తే పరీక్షించి అల్మరాలో పెడతారు. అవసరమున్నవాళ్లు రిజిస్టర్‌లో రాసి తీసుకెళ్లి, పనయ్యాక తిరిగి ఇవ్వాలి. డబ్బు మాటే లేదు. నాది డీటీపీ షాపు కాబట్టి ఇవ్వడానికీ వెళ్తాను, తెచ్చుకోవడానికీ వెళ్తాను.

ఫ్రీగా ఒక సిస్టమ్ కట్టుకుందామని వెళ్లేవాళ్లకు నిరాశే. ఈ లైబ్రరీ అసలు లాభం వేరే. సిస్టమ్ ఆన్ కాలేదంటే పోయింది ఎస్‌ఎంపీఎస్సా, ర్యామా, మదర్‌బోర్డా? తేల్చాలంటే కచ్చితంగా పనిచేసే ముక్క ఇంకొకటి చేతిలో ఉండాలి. మామూలు ఇంట్లో అది ఎక్కడుంటుంది? అందుకే షాపులో ఏం చెబితే దానికి తలూపుతాం. నా సిస్టమ్‌కు కూడా ఒక షాపులో బోర్డు మార్చాల్సిందే అన్నారు. లైబ్రరీ నుంచి తెచ్చిన ఎస్‌ఎంపీఎస్ తగిలించగానే నిక్షేపంగా లేచింది. పాత బోర్డు ఇవాళ్టికీ నడుస్తోంది.

వీళ్ల మీద గురి కుదరడానికి కారణం పరీక్ష. ఏది తీసుకెళ్లినా మొదటి ప్రశ్న "పని చేస్తాదా అన్నా?" అనే. మనం ఏం చెప్పినా నమ్మరు, అదే మంచిది. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో పెట్టి రాత్రంతా వదిలేస్తారు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచీ. హార్డ్ డిస్క్‌కు స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) తీసి, పాడైన సెక్టార్లు, అంటే డేటా రాసే గళ్లు, పెరుగుతున్నాయేమో చూస్తారు. ఎస్‌ఎంపీఎస్‌లో పచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది. చాలామంది అక్కడితో సరే అనుకుంటారు. లోడు పడితే నిలబడుతుందో లేదో దాంతో తెలియదు కాబట్టి వీళ్లు పాత బోర్డుకు తగిలించి చాలాసేపు నడిపి చూస్తారు. కెపాసిటర్లు ఉబ్బిన బోర్డును అల్మరా దాకా రానివ్వరు. సముద్రం ఒడ్డున ఉన్న మైపాడు వైపు నుంచి వచ్చే ర్యాముల్లో కొన్నిటికి అసలు జబ్బే ఉండదు, ఉప్పుగాలికి కాంటాక్టులు మసకబారి ఉంటాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే లేస్తాయి. పరీక్షించిన తేదీ, ఫలితం చీటీ మీద రాసి అంటిస్తారు.

హార్డ్ డిస్క్ ఇచ్చేవాళ్లకు ఉండే టెన్షన్ ఒక్కటే: లోపలి ఫొటోలు, ఆధార్ కాపీలు. క్విక్ ఫార్మాట్ కొట్టి ఇస్తే చాలదు, అది విషయసూచిక చింపడమే, పేజీలన్నీ అలాగే ఉంటాయి. ఇక్కడ ఎన్‌వైప్ అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తం తిరగరాస్తారు, కావాలంటే దగ్గరే కూర్చోవచ్చు. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి మాత్రం ఈ పద్ధతి నమ్మకం కాదు, రాసింది ఏ సెల్‌లోకి వెళ్తుందో దాని కంట్రోలరే నిర్ణయిస్తుంది. దానికి తనంతట తనే అంతా చెరిపేసుకొమ్మనే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ ఇస్తారు.

ఇక లోపాలు. లాప్‌టాప్ వాళ్లకు దొరికేది తక్కువ. డీడీఆర్3 అనే ర్యామ్ రకంలో 1.5 వోల్టులది, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ చూడటానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లోనూ పడతాయి. కానీ ఎల్ రకం మాత్రమే తీసుకునే లాప్‌టాప్‌లు మామూలుదాన్ని పెడితే లేవవు. రెండూ ఒకే డబ్బాలో వేసి ఉంచుతున్నారు, ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. తిరిగి ఇవ్వడం ఇంకో గొడవ. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో రొట్టె పట్టినవాళ్లు కోరిక తీరితే మరుసటేడు వచ్చి రొట్టె వదిలే ఊరు మనది. లాప్‌టాప్ ఛార్జర్ దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. చిన్న డిపాజిట్ పెట్టమన్నాను, లెక్చరర్ పెద్దాయన ఒప్పుకోలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేశాక పాత సిస్టమ్‌లు సెట్లకు సెట్లే వస్తున్నాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచి పైవి కావాలి. అందుకని బాగా నడిచే 6, 7వ తరం డబ్బాలు కూడా బయటికొచ్చాయి. వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి పిల్లలకు ఇస్తున్నారు. చదువుకు, బ్రౌజింగ్‌కు బ్రహ్మాండం. మా డీటీపీ వాళ్లకు మాత్రం కుదరదు. పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ మీదే బతుకుతాయి.

ఇచ్చేవాళ్లకు ఒక మాట. చచ్చిన సామాను వదిలించుకునే చోటు కాదది. మూలన పాత డబ్బా మానిటర్లు పేరుకుపోయి సగం గది తినేస్తున్నాయి, వాటి గాజులో సీసం ఉంటుంది. అలాంటివి రిజిస్టరైన రీసైక్లర్‌కు చేరాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు చెప్పేది అదే. చచ్చిన యూపీఎస్ బ్యాటరీని బ్యాటరీ షాపులో ఇస్తే పాతదానికి ఎంతో కొంత తగ్గిస్తారు, మెట్లెక్కి మోసుకెళ్లడం ఎందుకు? మానిటర్‌కు తగిలించే పాతరకం వీజీఏ కేబుళ్లు ఇప్పటికే బస్తాడున్నాయి. కొరతగా ఉన్నవి 4 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు, సాటా ఎస్‌ఎస్‌డీలు, ఛార్జర్లు. ఛార్జర్ ఇచ్చేటప్పుడు అది ఏ లాప్‌టాప్‌దో రాసి ఇవ్వండి, వోల్టేజ్ చూసుకోకుండా తగిలించేవాళ్లు ఉన్నారు. ఆదివారం పొద్దునే వెళ్తే పరీక్ష మన ముందే మొదలుపెడతారు.